వారానికి మూడు రోజులే లాయర్‌గా పనిచేయడం కుదురుతుందా?

ప్రశ్న: నల్లకోటు12

అందరికీ నమస్కారం. నేను 12 ఏళ్లుగా సివిల్ కేసులు చూస్తున్నాను. ఒక సీనియర్ గారి ఆఫీసులో ఉంటూ, నా పేరు మీద కూడా కొన్ని కేసులు నడుపుతున్నాను. పోయిన ఏడాది అమ్మకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, మాట రెండూ దెబ్బతిన్నాయి. ఫిజియోథెరపీ రోజూ ఉంటుంది. అమ్మ చెప్పబోయే మాట ఇప్పటికీ నాకు తప్ప ఇంకొకరికి సరిగా అర్థం కాదు, కాబట్టి మనిషిని పెట్టుకున్నా నేను దగ్గర లేకపోతే కుదరదు. అందుకని ఎనిమిది నెలల కిందట సీనియర్ గారితో మాట్లాడి పనిని సోమ, బుధ, శుక్రవారాలకు తగ్గించుకున్నాను. ఆఫీసు నెలనెలా ఇచ్చేది 60 శాతం అయింది. అది న్యాయమే, ఆయన మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

పని మాత్రం 60 శాతం కాలేదు. ఆరు వారాల పాటు డైరీలో గంటలు రాసుకుంటూ వచ్చాను. 24 గంటలు అనుకున్నది సగటున 41 తేలింది. అమ్మ పడుకున్నాక డ్రాఫ్టింగ్, మంగళవారం పొద్దున్నే క్లయింట్ల ఫోన్లు, ఆదివారం సాయంత్రం మర్నాటి కట్టలు చదువుకోవడం. ఇవన్నీ కలిపితే అంతయింది.

అసలు ఈ ప్రశ్న రాయడానికి కారణం పోయిన నెల జరిగిన సంగతి. ఒక మంగళవారం అమ్మ చేత వ్యాయామం చేయిస్తున్నాను, ఫోన్ పక్క గదిలో ఉంది. ఆ రోజే అవతలి పక్షం వాళ్లు అర్జంటుగా పిటిషన్ వేసి, మేం లేకుండానే తాత్కాలిక ఉత్తర్వు తెచ్చుకున్నారు. మా క్లయింట్ నాకు 11 సార్లు ఫోన్ చేశాడు. సాయంత్రం నాలుగు దాటాక చూసుకున్నాను. మర్నాడు పొద్దున్నే పరుగెత్తి, కౌంటర్ (మా వైపు జవాబు) వేసి, నాలుగు రోజుల్లో దాన్ని సరిచేయించగలిగాం. నష్టం జరగలేదు. కానీ ఆ పెద్దాయన అన్న మాట మనసులోంచి పోవడం లేదు: "మీరు మంగళవారాలు రారని నాకు ఎవరూ చెప్పలేదు కదమ్మా."

నిజమే, నేనే చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. మూడు రోజుల లాయర్ అని తెలిస్తే ఫైళ్లు వెనక్కి తీసుకుంటారని భయపడ్డాను.

కోర్టు పని చేస్తూ ఇలా తగ్గించుకుని నిలదొక్కుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఎలా నడుపుతున్నారు? క్లయింట్లకు చెప్పాలా, చెబితే ఎలా చెప్పాలి? ఇంకొకటి, ఆదాయం తగ్గింది కాబట్టి ఒక లా కాలేజీలో వారానికి కొన్ని క్లాసులు తీసుకోమని అడుగుతున్నారు. దానికి బార్ కౌన్సిల్ (లాయర్లను నియంత్రించే సంస్థ) నిబంధనలు అడ్డొస్తాయా?

—

జవాబు: పాతదస్త్రం

అమ్మా, వయసులో పెద్దవాణ్ణి కాబట్టి చనువుగా రాస్తున్నాను. 26 ఏళ్లుగా ప్రాక్టీసులో ఉన్నాను. అందులో గుండె ఆపరేషన్ అయ్యాక ఆరేళ్లు సగం పనే చేశాను.

మీరు పనిని రోజుల లెక్కన కోసుకున్నారు. నేనూ మొదట అదే చేశాను, ఏడాది పాటు నలిగిపోయాను. కోర్టు వాయిదా మీ సోమ, బుధ, శుక్రవారాలు చూసి పడదు. మర్నాడు ఏ కేసులు పిలుస్తారో చెప్పే జాబితా ముందురోజు సాయంత్రం వస్తే మీరేం చేయగలరు? కోసుకోవాల్సింది రోజుల్ని కాదు, కేసుల్ని. ఏ రకం కేసు మీ దగ్గర ఉండాలి, ఏది ఉండకూడదు అనేది ముందు తేల్చుకోండి.

ట్రయల్, అంటే సాక్షుల విచారణ, ఉన్న కేసులు వదిలేయండి. అంటే ఈ రోజే ఒదిలించుకోమని కాదు, కొత్తవి తీసుకోకండి. సాక్షి బోనులో ఉండగా క్రాస్ (అవతలి పక్షం సాక్షిని ప్రశ్నించడం) సగంలో ఆపి ఎల్లుండి వస్తానంటే నడవదు. ఆపితే ఏమవుతుందో మీకు తెలుసు. సాక్షి ఇంటికి వెళ్లి ఆలోచించుకుని, ఎవరో చెప్పిన జవాబుతో తిరిగి వస్తాడు. మధ్యంతర ఉత్తర్వుల గొడవ ఉన్న కేసులూ అంతే. నిన్నటిదాకా నిద్రపోయిన ఫైలు ఈ రోజు పొద్దున్నే లేచి కూర్చుంటుంది. మీ మంగళవారం జరిగింది అదే.

నేను అప్పీళ్లకు మారాను. అప్పీల్లో రికార్డు కింది కోర్టులోనే తయారైపోయి ఉంటుంది. చాలా మటుకు కొత్త సాక్షులు ఉండరు, కొత్త కాగితాలు ఉండవు. రాత్రి రెండింటికైనా, తెల్లవారుజామునైనా చదువుకోవచ్చు. లిఖితపూర్వక వాదన ఇంట్లో కూర్చుని రాసుకోవచ్చు. హాజరయ్యే రోజులు తక్కువ. దాంతో పాటు లీగల్ ఒపీనియన్లు, టైటిల్ (ఆస్తి హక్కు) పరిశీలన, వీలునామాలు, ఇతర లాయర్లకు డ్రాఫ్టింగ్. వీటిలో గడువు ఉంటుంది గానీ గంట కొట్టి పిలవడం ఉండదు. మొదట్లో నాకు మనసొప్పలేదు. క్రాస్ అంటే ప్రాణం నాకు, చిన్నప్పటి నుంచీ దానికోసమే లాయరయ్యాను. రెండేళ్లు పట్టింది సర్దుకోవడానికి. మీకూ ఆ బాధ ఉంటుంది, ఉందని ఒప్పుకోండి.

ఒక జాగ్రత్త చెబుతాను, ఇది మరిచిపోకండి. లిమిటేషన్ తేదీలన్నీ (కేసు, అప్పీలు వేయడానికి చట్టం పెట్టిన గడువులు) ఒకే పుస్తకంలో రాసి, దాని నకలు ఇంకొక మనిషి దగ్గర ఉంచండి. మీ తలలో మాత్రమే ఉన్న తేదీ మీరు రాని రోజున ఎవరికీ పనికిరాదు.

—

జవాబు: ఒప్పందపత్రం

నేను కోర్టుకు వెళ్లను, కంపెనీలో ఒప్పందాలు చూస్తాను. ఒకే ఉద్యోగాన్ని ఇద్దరం లాయర్లం పంచుకుని అయిదేళ్లు చేశాం, ఆ అనుభవం మీకు పనికొస్తుందేమో. (జీతం మీద చేరేటప్పుడు ప్రాక్టీసును సస్పెండ్ చేయించుకున్నాను. మీ పరిస్థితి వేరు.)

41 గంటలు ఎక్కడి నుంచి వచ్చాయో నాకు తెలుసు. పని రెండు రకాలు. ఒకటి ఫైళ్లు తగ్గితే తగ్గేది. రెండోది ఎంత తగ్గించుకున్నా తగ్గనిది. కొత్త తీర్పులు చదవడం ఉంది చూడండి, మూడు రోజుల లాయరైనా ఆరు రోజుల లాయరైనా అంతే చదవాలి. చట్టం మారితే సగం మార్పు తెలుసుకుంటే చాలదు కదా. ఆఫీసు మీటింగులు, బిల్లులు, మెయిళ్లు కూడా అంతే. ఇంకొకటి ఎవరూ లెక్కేయరు: రెండు రోజుల విరామం తర్వాత ఫైలు తెరిస్తే, ఎక్కడ ఆపామో గుర్తు తెచ్చుకోవడానికే అరగంట పడుతుంది. గంటల లెక్కన బిల్లు వేసే ఆఫీసుల్లో గంటలో పదో వంతు, అంటే ఆరు నిమిషాలు, ఒక యూనిట్‌గా రాస్తారు. నేను అలాంటి చోట చేసినప్పుడు నా టార్గెట్ గంటలు తగ్గించారు గానీ, బిల్లు కాని పని అలాగే ఉంచారు. మీరు 60 శాతం మాట్లాడుకున్నప్పుడు ఈ రెండో రకం పని లెక్కలోకి వచ్చిందా? రాకపోతే మళ్లీ మాట్లాడండి. మొహమాటపడకండి. మీ డైరీయే సాక్ష్యం.

ఇక పంచుకోవడం. మేమిద్దరం బుధవారం మధ్యాహ్నం రెండు గంటలు తప్పకుండా కలిసి కూర్చునేవాళ్లం. వెళ్లే మనిషి ప్రతి ఫైలు మీద నాలుగు విషయాలు రాసి పెట్టేది: చివరగా ఏం జరిగింది, తర్వాత ఏం జరగాలి, ఏ తేదీ దాటితే నష్టం, క్లయింట్‌కు ఏం చెప్పాం. నాలుగోది రాయనప్పుడే మాకు గొడవలొచ్చాయి. ఒకసారి ఆమె "శుక్రవారానికి ఇస్తాం" అని ఫోన్‌లో చెప్పింది, కాగితం మీద పెట్టలేదు. నేను సోమవారం అన్నాను. అవతలి వాళ్లు మా ఇద్దరినీ నమ్మడం మానేశారు, మళ్లీ నమ్మకం కుదరడానికి మూడు నెలలు పట్టింది.

క్లయింట్లకు చెప్పాలి. కానీ "నేను మంగళవారం ఉండను" అని చెప్పకండి. "మంగళ, గురు, శనివారాల్లో ఫలానా వారికి ఫోన్ చేయండి, మీ ఫైలు ఆయనకు తెలుసు" అని చెప్పండి. ఆయన పేరు, నంబరు కాగితం మీద రాసివ్వండి. మనుషులకు కావాల్సింది ఫోన్ ఎత్తే మనిషి.

—

జవాబు: తూనిక

నిబంధనల గురించి అడిగారు కాబట్టి అంతవరకు రాస్తాను.

భారత బార్ కౌన్సిల్ నిబంధనల్లో 49వది చూడండి. ప్రాక్టీసులో ఉన్న అడ్వకేట్ పూర్తికాలపు జీతం ఉద్యోగం చేయకూడదు. పాఠాలు చెప్పడానికి మాత్రం దారి ఉంది. 1979లో దీని కోసమే ప్రత్యేకంగా నియమాలు చేశారు. విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉన్న లా కాలేజీలో రోజుకు మూడు గంటలకు మించకుండా బోధిస్తే, ప్రాక్టీసు చేసుకుంటూనే చెప్పవచ్చు. కాలేజీ ఇచ్చే నియామక పత్రంలో పార్ట్‌టైమ్ అన్న మాట, గంటలు స్పష్టంగా ఉన్నాయో లేదో చూసుకోండి. ఇతర పార్ట్‌టైమ్ ఉద్యోగాలకైతే 52వ నిబంధన కింద మీ రాష్ట్ర బార్ కౌన్సిల్ అనుమతి ముందే తీసుకోవాలి.

12వ నిబంధన కూడా చదవండి. ఒప్పుకున్న కేసును తగిన కారణం లేకుండా, క్లయింట్‌కు తగినంత ముందుగా చెప్పకుండా వదలకూడదు. మిగిలిన ఫీజు తిరిగి ఇవ్వాలి. పాతదస్త్రం గారు ట్రయల్ కేసులు తగ్గించుకోమన్నారు, సరైన సలహాయే. కానీ వదిలే పద్ధతి ఇది.

పని తగ్గినంత మాత్రాన బాధ్యత తగ్గదన్నది ఏ దేశంలోనైనా ఒకటే. అమెరికన్ బార్ అసోసియేషన్ నమూనా నియమాల్లో శ్రద్ధ గురించి చెప్పే 1.3కి ఒక వ్యాఖ్య ఉంది. ప్రతి కేసునూ సమర్థంగా చూడగలిగేలా లాయర్ తన పనిభారాన్ని అదుపులో పెట్టుకోవాలని అందులో ఉంటుంది. మీ విషయంలో నాకు ఇదే ముఖ్యమనిపిస్తుంది. ఫైళ్లు తగ్గించుకోవడం మీ సౌకర్యం ఒక్కటే కాదు, అది క్లయింట్ పట్ల మీ విధి కూడా.

డబ్బు విషయంలో మాత్రం మీతో ఏకీభవించను. 41 గంటలు పనిచేసి 60 శాతం తీసుకోవడం న్యాయం కాదు. బ్రిటన్‌లో రోజుకింత అని తీసుకునే పార్ట్‌టైమ్ జడ్జీలకు పెన్షన్ లేదన్నారు. ఓ బ్రయన్ అనే బారిస్టర్ దాని మీద ఏళ్ల తరబడి పోరాడితే, 2013లో అక్కడి సుప్రీంకోర్టు ఆయన వైపు తీర్పు చెప్పింది. పూర్తికాలం వారితో పోల్చి దామాషాగా ఇవ్వాల్సిందేనంది. మనకు ఆ చట్టం వర్తించదు, మీ సీనియర్ గారి మీద కేసు వేయమనీ కాదు. తక్కువ రోజులు పనిచేసే లాయర్ అడగడానికి సిగ్గుపడనక్కర్లేదని చెప్పడానికే రాశాను.

—

నల్లకోటు12:

ముగ్గురికీ ధన్యవాదాలు. రెండు వారాలు ఆగి రాస్తున్నాను, ఎందుకంటే చేసి చూసి చెప్పాలనుకున్నాను.

ఫైళ్లన్నీ నేల మీద పరిచాను. మొత్తం 34. ట్రయల్లో ఉన్నవి 9, అప్పీళ్లు 7, మిగతావి డ్రాఫ్టింగ్, ఒపీనియన్లు, చిన్నాచితకా పిటిషన్లు. సీనియర్ గారికి డైరీ చూపించాను. ఆయన చాలాసేపు పేజీలు తిప్పారు. ఆదివారాల గంటలు చూసి, "ఇది నాకు తెలీదమ్మా" అన్నారు. ట్రయల్ కేసుల్లో ఆఫీసువి ఆరు ఇంకో జూనియర్‌కు మార్చారు. దానికి బదులు ఆఫీసు అప్పీళ్ల డ్రాఫ్టింగ్ నాకు ఇచ్చారు. డబ్బు సంగతి వచ్చే నెల చూద్దామన్నారు. అడిగాను, అది చాలు ఇప్పటికి.

నా సొంత క్లయింట్లకు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెప్పాను. మంగళ, గురు, శనివారాల్లో చూడటానికి నా స్నేహితురాలు ఒప్పుకుంది. వకాలతులో ఆమె పేరు కూడా చేర్పిస్తున్నాను. ఒక్కరు మాత్రం ఫైలు తీసుకుంటామన్నారు. కాగితాలు, మిగిలిన ఫీజు ఇచ్చేశాను. మిగతావాళ్లు అమ్మ ఎలా ఉందని అడిగారు. ఇన్నాళ్లూ దాచినందుకు చాలా బాధేసింది. ఆ 11 సార్లు ఫోన్ చేసిన పెద్దాయన కాగితం మీద నంబరు రాసుకుని, తప్పు రాసుకున్నానేమోనని మళ్లీ చదివి వినిపించాడు.

మిగిలిన మూడు ట్రయళ్లు నా సొంతవి. అందులో ఒకటి భాగపరిష్కారం (ఆస్తి పంపకాల) దావా. ఆవిడ నాలుగేళ్లుగా నా మీదే నమ్మకం పెట్టుకున్నారు. వచ్చే నెలలో ప్రతివాది క్రాస్ ఉంది. అది గురువారం పడింది. ఆ ఒక్కటీ నేనే చేయాలనుకుంటున్నాను. ఆ రోజు అమ్మ దగ్గరికి పిన్ని వస్తానంది. తప్పా పాతదస్త్రం గారూ?

—

పాతదస్త్రం:

తప్పేం కాదమ్మా. చెయ్యండి. కానీ క్రాస్ ఒక్క రోజులో అవదు. శుక్రవారం ఎలాగూ మీ రోజే, శనివారానికి కూడా పిన్ని గారిని ఇప్పుడే అడిగి పెట్టుకోండి. మీ స్నేహితురాలిని ఆ మూడు రోజులూ పక్కన కూర్చోబెట్టుకోండి. డాక్యుమెంట్ల మీద గుర్తులు ఆవిడకు తెలిసేలా ఈ వారమే కట్ట సిద్ధం చేయండి. ఇంటి నుంచి ఫోన్ వస్తే లేచి వెళ్లిపోయేలా ఉండాలి మీరు.