జలవిశ్లేషణ: నీటినా, నీటితోనా?

వైట్‌ఫీల్డ్ సభ్యురాలు:
అందరికీ నమస్కారం. మదనపల్లెలో మా మేనల్లుడు తెలుగు మీడియం. ఫోన్లో బయాలజీ చెబుతుంటే ‘జలవిశ్లేషణ’ దగ్గర ఆగాడు. "అత్తా, అంటే నీళ్లు టెస్ట్ చెయ్యడమా?" అన్నాడు. ఇక్కడ బోరు నీళ్ల రిపోర్టులు చూసీ చూసీ నాకూ అలాగే అనిపించింది. మాట సరైనదేనా? ‘కాలేయంలో గ్లైకోజన్ జలవిశ్లేషణ చెంది గ్లూకోజ్ అవుతుంది’ అని నోట్సులో రాయించొచ్చా?

జయనగర్ కెమిస్ట్రీ మాస్టారు:
మాట సరైనదేనమ్మా, తికమకంతా విగ్రహవాక్యంలో ఉంది. ‘జలం యొక్క విశ్లేషణ’ అని షష్ఠిలో విప్పితే నీటి పరీక్షే. ‘జలం చేత విశ్లేషణ’ అని తృతీయలో విప్పాలి, అంటే నీటి సాయంతో పెద్ద అణువును ముక్కలు చేయడం, ఇంగ్లీషులో హైడ్రాలిసిస్. విద్యుద్విశ్లేషణ అంటే కరెంటును పరీక్షించడం కాదు కదా! తమాషా ఏమిటంటే, ఇక్కడ నీరూ చీలుతుంది. బంధం తెగిన చోట ఒక ముక్కకు హైడ్రోజన్, రెండో ముక్కకు హైడ్రాక్సిల్ అతుక్కుంటాయి. అంచేత షష్ఠి పూర్తిగా అబద్ధమూ కాదు.

పిల్లవాడికి లెక్క చూపించండి. చక్కెర అణుభారం 342, నీటిది 18, మొత్తం 360. విడిపోతే వచ్చేవి గ్లూకోజ్ 180, ఫ్రక్టోజ్ 180. అయితే గ్లాసు నీళ్లలో చక్కెర కలిపితే కరుగుతుందే గాని విడిపోదు. ఆమ్లమో ఎంజైమో తోడు ఉండాలి. అన్నం నములుతుంటే లాలాజలంలోని అమైలేజ్ చేసే పని అదే. తరువాత క్లోమరసం అందుకుంటుంది. మాల్టోజ్ లాంటి చిన్న ముక్కలు చిన్నపేగు గోడ దగ్గర గ్లూకోజ్ అవుతాయి. మాంసంలో తిన్న గ్లైకోజన్‌దీ అదే దారి.

మీ వాక్యం మాత్రం రాయించకండి. గ్లైకోజన్ అంటే కొమ్మలున్న గ్లూకోజ్ గొలుసు. మన కాలేయంలో దాచుకున్న గ్లైకోజన్‌ను చాలావరకు కోసేది నీరు కాదు, ఫాస్ఫేట్. ఫాస్ఫరిలేజ్ అనే ఎంజైమ్ గొలుసు చివర నుంచి ఒక్కొక్క గ్లూకోజ్‌నే ఫాస్ఫేట్ తగిలించి విడదీస్తుంది. ఈ దారి తేల్చిన కార్ల్, గెర్టీ కోరి దంపతులకు 1947లో నోబెల్ వచ్చింది. కొమ్మ మొదట్లో మిగిలే ఒక్క గ్లూకోజ్ దగ్గర మాత్రం నిజంగా జలవిశ్లేషణే.

ఇందిరానగర్ సభ్యుడు:
ఫాస్ఫేటే ఎందుకు మాస్టారూ, నీళ్లకేం కరువు?

మాస్టారు:
ఫాస్ఫేట్ తగిలిన గ్లూకోజ్ కణం దాటి పోలేదు. పైగా వాడుకునే ముందు దానికి ఫాస్ఫేట్ ఎలాగూ తగిలించాలి, అందుకయ్యే ఏటీపీ (కణంలో శక్తినిచ్చే అణువు) ఖర్చు మిగులుతుంది. కండరానికి ఇదే లాభం. కాలేయం రక్తంలోకి చక్కెర వదలాలి కనుక చివర్లో ఆ ఫాస్ఫేట్‌ను నీటితో ఊడదీస్తుంది. అలా ఊడదీసే ఎంజైమ్ కండరంలో లేదు.

వైట్‌ఫీల్డ్ సభ్యురాలు:
అయితే ‘గ్లైకోజన్ విచ్ఛిన్నమై’ అని రాయిస్తాను. ఫాస్ఫేట్‌తో కోయడానికి తెలుగు మాట ఉందా?

మాస్టారు:
‘విచ్ఛిన్నం’ భేషుగ్గా ఉంది. రెండోదాన్ని ఫాస్ఫరోలిసిస్ అనే ఉంచండి. ‘ఫాస్ఫేట్ విశ్లేషణ’ అన్నారో, మళ్లీ ల్యాబు రిపోర్టే గుర్తొస్తుంది.

ఇందిరానగర్ సభ్యుడు:
మరి తిండిలోని పీచు? అదీ గ్లూకోజ్ గొలుసే అంటారు.

మాస్టారు:
అవును, సెల్యులోజ్. కానీ బంధం బీటా రకం. మన అమైలేజ్ ఆల్ఫా బంధాన్నే కోయగలదు. ఆవుకైనా ఆ పని చేసిపెట్టేది కడుపులోని సూక్ష్మజీవులే.