మొదటి బీజేడీ: 60 సెంటీమీటర్లదా, 1/4దా? మన సీమ ఎండలకు ఏది నిలుస్తుంది?

చిత్రావతి_గట్టు (అనంతపురం)
మొదటి బాల్ జాయింటెడ్ డాల్ (బీజేడీ) కొనాలి, అదే రెజిన్ అనే గట్టి ప్లాస్టిక్ ముక్కలను లోపల ఎలాస్టిక్‌తో కట్టి, గుండ్రటి కీళ్లతో వంగేలా చేసిన బొమ్మ. బొమ్మ, విగ్గు, కళ్లు, చెప్పులు, కస్టమ్స్ అన్నీ కలిపి 45 వేలు దాటకూడదు. చామనఛాయ కావాల, చీర కట్టాల, చెయ్యి చెంప దాకా వంగాల. బొమ్మ పెట్టే గది పడమటి వైపు, మే నెలలో సాయంత్రం దాకా ఎండ లోపలికే. కొందరు "ఒకేసారి 60 సెంటీమీటర్లది తీసుకో, చిన్నది కొంటే మళ్లీ పెద్దది కొంటావు" అంటున్నారు, కొందరు 1/4 అంటున్నారు. కారణాలు చెప్పి వాదించుకోండి. "ముద్దుగా ఉంటుంది" అనేది కారణం కాదు.

బురుజు_కాడ (కర్నూలు)
1/4. లెక్క వేస్తే వాదనే ఉండదు.

ముందు కొలతలు. 1999లో జపాన్‌కు చెందిన వోక్స్ కంపెనీ సూపర్ డాల్ఫీ తెచ్చింది. ఆ పేరు మీదనే 60 సెం.మీ. అటూ ఇటూ ఉండేవాటిని ఎస్‌డీ అంటారు, అదే 1/3, అంటే మనిషి ఎత్తులో దాదాపు మూడో వంతు. 40 నుంచి 45 మధ్యవి ఎంఎస్‌డీ, అంటే 1/4. 26 దగ్గరవి యోఎస్‌డీ, అంటే 1/6.

ఇప్పుడు డబ్బు. కస్టమ్స్ వేసేది బొమ్మ ధర ఒక్కదాని మీద కాదు, షిప్పింగ్, ఇన్సూరెన్స్ కలిపిన విలువ మీద. దాని మీద బేసిక్ సుంకం, ఆ సుంకంలో పదో వంతు సోషల్ వెల్ఫేర్ సర్‌చార్జ్, ఇవన్నీ కలిపిన మొత్తం మీద ఐజీఎస్టీ, అంటే దిగుమతి మీద పడే జీఎస్టీ. బేసిక్ 20, ఐజీఎస్టీ 18 అనుకుంటే చాలామంది 38 శాతం అని కూడేస్తారు. నిజానికి 43.96 పడుతుంది. ఈ రేట్లు ఉదాహరణకే, బడ్జెట్‌కోసారి మారుతుంటాయి. బొమ్మల మీద బేసిక్ సుంకం 2020లో 20 నుంచి 60కి, 2023లో 70కి పెంచిన సంగతి మరవద్దు. పైగా కస్టమ్స్ పట్టికలో సొంత వాడకానికి తెప్పించుకునేవాటికి 9804 అని ఒక శీర్షిక, బొమ్మలకు 9503 అని ఇంకొకటి. ఆర్డర్ పెట్టే రోజున రెండూ చూసుకోండి.

లెక్కకు మాత్రం పై ఉదాహరణలోని 44 శాతమే అనుకుందాం. 1/4 బొమ్మ 20 వేలు, షిప్పింగ్ 3,500. సుంకం 10,340. ఇంటికి చేరేసరికి 33,840. మిగిలిన 11 వేల చిల్లరలో విగ్గు, రెండు జతల కళ్లు, చెప్పులు, ఎలాస్టిక్, స్టాండు వచ్చేస్తాయి. అదే 60 సెం.మీ.ది 34 వేలు, షిప్పింగ్ 5,500 అయితే 56,880. విగ్గు లేకుండానే బడ్జెట్ దాటిపాయె.

దేవుని_కడప_వీధి (కడప)
అన్నా, లెక్క సరే, 34 వేలు ఎవరు పెట్టమన్నారు? కొరియా కంపెనీల ధర పెట్టి పెద్ద బొమ్మను ఓడిస్తే ఎట్లా? చైనా కంపెనీలు సొంతంగా చెక్కిన 60 సెం.మీ. బొమ్మలు 24 వేల లోపల ఉన్నాయి. షిప్పింగ్ 5,000 అనుకో. 29 వేల మీద 12,760, మొత్తం 41,760. 45లో పడుతుంది.

డబ్బు సంగతి పక్కన పెడితే, కొత్తవాళ్ల చేతికి పెద్దదే సులువు. 1/3 జాకెట్టుకు కుట్టు మార్జిన్ 6 మి.మీ. వదలొచ్చు, 1/4కి 3 మి.మీ. దాటితే చంక కింద గుడ్డ ఉండకట్టి చెయ్యే దిగదు. మిషన్ మీద 3 మి.మీ. తిప్పడం అలవాటు లేనివాళ్లకు నరకం. ముఖం రంగులోనూ అంతే, కనురెప్ప వెంట్రుక గీత పెద్ద ముఖం మీద చేయి వణికినా కలిసిపోతుంది, చిన్న ముఖం మీద కనుబొమ్మ అర మిల్లీమీటరు పైకి పోతే బొమ్మ జీవితాంతం ఆశ్చర్యపోతూనే ఉంటుంది.

బురుజు_కాడ (కర్నూలు)
41,760 పోతే మిగిలేది 3,240. దాంట్లో విగ్గు, కళ్లు, చెప్పులు, స్టాండు, మళ్లీ వాటి షిప్పింగ్. బోడిగుండుతో, చెప్పుల్లేకుండా నిలబెట్టి మూడు నెలలు చూసుకోవాల్సిందే.

ఎత్తు పెరిగితే బరువు అంతకు మించి పెరుగుతుంది. 1/4 ముప్పావు కిలో అటూ ఇటూ, 60 సెం.మీ.ది కిలోంపావు దాటుతుంది. ఎలాస్టిక్ కూడా 3 మి.మీ. బదులు 4, 5 మి.మీ. మెడ హుక్కు పైకి లాగేటప్పుడు ఒక్క చేత్తో అయ్యే పని కాదు, జారిందంటే ఎస్ ఆకారపు హుక్కు వెళ్లి మెడ అంచుకు తగిలి రెజిన్ పెచ్చు లేస్తుంది.

హంద్రీ_నీళ్లు (కర్నూలు)
ఇంత కొట్లాట ఎందుకు సామీ. అదే ముఖం, అదే ఒళ్లు 12 వేలకు దొరుకుతుంటే? కాపీ అయితే ఏమైంది, అద్దాల బీరువాలో పెట్టేదానికి?

పెన్నా_ఒడ్డు (కడప)
కాపీ అంటే రీకాస్ట్. అసలు బొమ్మ కొని, దాని మీద సిలికాన్ అచ్చు తీసి, మళ్లీ రెజిన్ పోసి అమ్మేది. న్యాయం సంగతి ఒకటి, చెక్కినవాళ్లకు పైసా పోదు. పనితనం సంగతి ఇంకొకటి. పాలీయురేథేన్ రెజిన్ గట్టిపడేటప్పుడు కొద్దిగా కుంచించుకుపోతుంది, కాపీ మీద కాపీ తీసేకొద్దీ ఆ తేడా పెరుగుతుంది. అసలు కంపెనీ కొలతకు అమ్మే చెప్పులు, చేతులు, విగ్గు సరిగా కూర్చోవు. ఏ రెజిన్ పోశారో చెప్పేవాడు ఉండడు. అసలుదే అని కంపెనీ ఇచ్చే సర్టిఫికెట్ ఉండదు కాబట్టి రేపు అమ్ముదామన్నా చాలా గ్రూపుల్లో పోస్టే పెట్టనివ్వరు.

12 వేలే ఉంటే చిన్న కంపెనీ సొంత అచ్చుతో చేసిన 1/6 కొనండి. ఉత్పత్తి ఆపేసిన మోడలే కావాలంటే సెకండ్ హ్యాండ్‌లో, సర్టిఫికెట్ ఫోటో, తల లోపల ముద్ర ఫోటో అడిగి కొనండి. "ఆగిపోయిన మోడల్ కాబట్టి కాపీ తప్పు కాదు" అనే వాదన నాకెప్పుడూ ఎక్కలేదు.

హంద్రీ_నీళ్లు (కర్నూలు)
కుంచించుకుపోయే సంగతి తెలీదు. సరే, ఆ మాట వదిలేస్తా. కానీ గిఫ్ట్ అని రాయించుకుంటే సుంకం పడదంట కదా?

పెన్నా_ఒడ్డు (కడప)
2019 డిసెంబరులోనే గిఫ్ట్ మినహాయింపు తీసేశారు. రాఖీలకు, ప్రాణాలు కాపాడే మందులకు తప్ప లేదు. ధర తగ్గించి రాయించుకోవడం ఇంకా తెలివితక్కువ పని. పార్సిల్ పోయినా పగిలినా బిల్లులో రాసినంత వరకే ఇన్సూరెన్స్ ఇస్తుంది.

బిల్లు మీద రాయించాల్సింది వేరే ఉంది. మన దేశంలో 2021 జనవరి 1 నుంచి ఆటబొమ్మలకు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు తప్పనిసరి. ఆ ఆర్డర్ 14 ఏళ్ల లోపు పిల్లలు ఆడుకునేవాటికి. బీజేడీ కంపెనీల పెట్టె మీద సాధారణంగా వయసు హెచ్చరిక ఉంటుంది. అది ఉన్నదున్నట్టు, "పెద్దల సేకరణ కోసం రెజిన్ ఆర్ట్ డాల్" అని బిల్లులోనూ రాయమనండి. పోస్టు వాళ్ల అంతర్జాతీయ స్పీడ్ సర్వీసు ఈఎంఎస్ అయితే సుంకం పోస్టుమ్యాన్ చేతికి కట్టాలి. ప్రైవేటు కొరియర్ అయితే ముందే కేవైసీ అడుగుతారు, క్లియరెన్స్ ఫీజు వాళ్లది వేరే. ఆ ఫీజు పైలెక్కలో లేదు, బురుజు అన్న గమనించాల.

దేవుని_కడప_వీధి (కడప)
చీర సంగతి ఎవరూ ఎత్తలేదు. అడిగిన మనిషి అనంతపురం, ధర్మవరం పక్కనే. అందుకే పెద్దది అంటున్నా. మనిషి చీర అయిదున్నర మీటర్లు. 160 సెం.మీ. మనిషికి 43 సెం.మీ. బొమ్మ అంటే 0.27 వంతు. చీర పొడవు మీటరున్నర, పన్నా 31 సెం.మీ. 60 సెం.మీ. బొమ్మకు 2 మీటర్ల పైచిలుకు, పన్నా 44. కొలత తగ్గించొచ్చు గానీ పట్టు మందం తగ్గించలేం. ధర్మవరం పట్టు ముక్క 1/4 నడుముకు చుట్టి కుచ్చిళ్లు పెడితే కుచ్చిళ్లు కిందికి జారవు, గొడుగు మాదిరి విచ్చుకుంటాయి. 10 సెం.మీ. జరీ అంచు 1/4లో 2.7 సెం.మీ. ఉంటేనే చూపుకు సరిపోతుంది, మనం కత్తిరించి తెచ్చేది 10 ఉంటుంది, అంటే మోకాలి దాకా జరీయే.

బురుజు_కాడ (కర్నూలు)
పట్టు పెద్దదానికీ అంతే, కొంచెం తక్కువ గొడుగు. చీరకు పట్టు వద్దు. బాగా ఉతికి మెత్తబడిన మల్లు పంచె ముక్కో, పల్చటి షిఫాన్ చున్నీనో చాలు. కుచ్చిళ్లు కొద్దిగా తడిపి మడతపెట్టి దారంతో కట్టి ఆరబెడితే నిలబడతాయి. అంచుకు 5 మి.మీ. జరీ లేసు అతికిస్తే 1/4కి అచ్చం సరిపోతుంది.

జరీ గురించి ఒక్కటి మాత్రం కడప వాళ్లు చెప్పలేదు: పల్లు ముఖానికి రాసుకుంటే పెదవి రంగు గీసుకుపోతుంది. మెరూన్, నలుపు, ముదురు నీలం గుడ్డలైతే రెజిన్‌లోకి రంగు దిగుతుంది. కుట్టకముందే తడి తెల్ల గుడ్డ మీద పెట్టి ఇస్త్రీ చేసి చూడండి. తెల్ల గుడ్డకు రంగు అంటితే బొమ్మకూ అంటుతుంది. రెండు మూడు సార్లు ఉతికాక కూడా రంగు వదులుతుంటే లోపల తెల్ల లైనింగ్ వేయాల్సిందే.

చిత్రావతి_గట్టు (అనంతపురం)
చామనఛాయ, ఎండ గురించి కూడా చెప్పండప్పా. తెల్ల బొమ్మ పసుపెక్కుతుందని భయపెడతాండారు.

పెన్నా_ఒడ్డు (కడప)
భయం నిజమే. పసుపెక్కించేది ప్రధానంగా అతినీలలోహిత కాంతి. వేడి, వయసు తోడవుతాయి. కిటికీ అద్దం ఉంది కదా అని ధైర్యపడొద్దు, మామూలు అద్దంలోంచి యూవీ-ఏ చాలావరకు లోపలికి వస్తుంది. పడమటి గదిలో బొమ్మను కిటికీకి ఎదురుగోడ మీద కాదు, కిటికీ ఉన్న గోడకే ఆనించి పెట్టాలి, నేరుగా వెలుగు తగలని చోట. యూవీ ఫిల్మ్ అతికించి పైన మందపాటి తెర.

చామనఛాయకు పసుపు అంతగా కనపడదు, దానికి వేరే జబ్బు: ఎండకు వెలిసిపోతుంది. ఒక చేయి గుడ్డ కింద, ఒక చేయి బయట ఉంటే రెండు రంగులవుతాయి. గీత పడితే తెల్లగా తేలుతుంది, కీళ్లు రాసుకునే చోట తెల్ల చారలు వస్తాయి. అచ్చు అతుకు గీతలు మీరే రుద్దుకుందామనుకుంటే 600, 1000 నంబరు గరుకు కాగితంతో తడిపి రుద్దినా ఆ చోటు లేతగా ఉండిపోతుంది. అందుకే ముదురు రంగు తీసుకుంటే అతుకులు కంపెనీతోనే తీయించండి. చాలా కంపెనీలు ఈ రంగుకు అదనంగా తీసుకుంటాయి, కొన్ని ఏడాదిలో కొన్ని రోజులే ఆర్డర్ తీసుకుంటాయి. తల ఇప్పుడు, ఒళ్లు తర్వాత అని విడివిడిగా కొనొద్దు, పోతకూ పోతకూ ఛాయ మారుతుంది.

దేవుని_కడప_వీధి (కడప)
ముఖం రంగు కూడా మొదటిసారి కంపెనీతోనే వేయించాల. దీంట్లో పెద్దా చిన్నా తేడా లేదు, బురుజు అన్నతో నాకు తగాదా లేదు. పాస్టెల్ పొడి నిలబడాలంటే కింద మ్యాట్ సీలెంట్ స్ప్రే కావాలి. అందరూ చెప్పే మిస్టర్ సూపర్ క్లియర్ డబ్బా ఏరోసోల్, విమానంలో పంపించరు. ఒకవేళ దొరికినా మనకు వాతావరణం అడ్డం. మే నెలలో 42 డిగ్రీల్లో కొడితే తుంపర ముఖానికి చేరేలోపే గాలిలో ఆరి ఇసుక మాదిరి కూర్చుంటుంది. వానల్లో తేమకు తెల్ల మబ్బు కమ్ముతుంది. కొట్టాలంటే చలికాలం పొద్దున్నే, ఆరుబయట, ఆర్గానిక్ వేపర్ కాట్రిడ్జ్ ఉన్న మాస్కుతో. గుడ్డ మాస్కు పనికిరాదు. చెరపాలంటే నెయిల్ పాలిష్ రిమూవర్ జోలికి పోవద్దు, అసిటోన్ రెజిన్ పైపొరను కరిగిస్తుంది.

బురుజు_కాడ (కర్నూలు)
అయితే ముఖం రంగు డబ్బులు కూడా నీ 3,240 లోంచే, కడప అన్నా.

చెయ్యి చెంప దాకా అన్నారు కాబట్టి సైజు కన్నా ముందు చూడాల్సింది మోచేయి. ఒకే కీలు ఉంటే దాదాపు 90 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. డబుల్ జాయింట్ అయితే, అంటే మోచేతి దగ్గర విడి ముక్క ఉంటే, చెంపకు చేరుతుంది. సైటులో బట్టలు వేసిన ఫోటోలు చూసి మోసపోవద్దు, ఉత్త ఒళ్లు కూర్చున్న ఫోటో, చెయ్యి మడిచిన ఫోటో చూడండి. అవి పెట్టని కంపెనీని అడగండి.

నిమ్మలకుంట తోలుబొమ్మకు ఒక్కో కీలుకు ఒక్కో దారం ముడి. ఇక్కడ ముడులు లేవు, మెడ నుంచి రెండు పాదాలకు ఒక ఎలాస్టిక్, ఈ అరచేతి నుంచి ఆ అరచేతికి ఇంకొకటి. అందుకే ఒక చోట బిగువు తప్పితే ఒళ్లంతా తెలుస్తుంది. కూర్చోబెడితే కాలు ఎగిరి తన్నుతుంటే బిగువు ఎక్కువ, మెడ వాలిపోతుంటే తక్కువ. కొత్తదానికి మొదటి కొన్ని వారాల్లో ఎలాస్టిక్ సాగడం మామూలే. తొడ గుంటలో, మోకాలి గుంటలో పల్చటి సూయెడ్ తోలు గుండ్రంగా కోసి అతికిస్తే జారడం తగ్గుతుంది. చాలామంది గ్లూ గన్ జిగురు పూస్తారు, పనిచేస్తుంది, కానీ తక్కువ వేడికి కరిగే రకం పూసిన బొమ్మను మధ్యాహ్నం కారులో వదిలితే మెత్తబడి జారుతుంది. కళ్లు అతికించే పుట్టీ కూడా అంతే, ఎండాకాలం మెత్తబడి చూపు పక్కకు తిరుగుతుంది.

దేవుని_కడప_వీధి (కడప)
డబుల్ జాయింట్ కూడా కావాలి, 45 వేలు దాటకూడదు అంటే 1/4కే సరి అని ఒప్పుకుంటా. కుట్టుపని విషయంలో మాత్రం నా మాట మారదు. జాకెట్టు వెనక తెరిచి 5 మి.మీ. ప్రెస్ బటన్లు పెట్టుకోండి, హుక్కులు వద్దు, విగ్గు వెంట్రుకలు వాటిలో చిక్కుకుంటాయి.

చిత్రావతి_గట్టు (అనంతపురం)
1/4, చామనఛాయ, డబుల్ జాయింట్, కంపెనీ ముఖం రంగు. విగ్గు, కళ్లు ఏ కొలత? పెట్టె వచ్చాక ఏం చూసుకోవాల?

పెన్నా_ఒడ్డు (కడప)
విగ్గు అంగుళాల్లో, తల చుట్టుకొలత. 1/4కి మామూలుగా 7-8, కానీ పెద్ద తల మోడళ్లున్నాయి, కంపెనీ పేజీలో తల చుట్టుకొలత సెంటీమీటర్లలో ఇస్తే 2.54తో భాగించుకోండి. కళ్లు 12 నుంచి 14 మి.మీ. ఇదీ మోడల్ పేజీ చూసే కొనాలి, కంటి గుంట పక్కన సందు కనపడితే పెద్ద సైజు కావాలి. మొదటిసారి గాజువో, యాక్రిలిక్‌వో చాలు. యురేథేన్ కళ్లు కూడా బొమ్మలాగే పసుపెక్కుతాయి.

పెట్టె కోసేటప్పటి నుంచే ఆపకుండా వీడియో తీయండి, ఫిర్యాదుకు కంపెనీ గడువు కొద్ది రోజులే ఉంటుంది. వేళ్లు లెక్కపెట్టండి, చిటికెన వేలు మొదట విరిగేది. టార్చి వెనక పెట్టి చెవులు, మణికట్టు దగ్గర గాలి బుడగలు చూడండి. తల మూత అయస్కాంతాలు పట్టుకుంటున్నాయా చూడండి. స్టాండు లేకుండా రెండు కాళ్ల మీద నిలబెట్టి చూడండి. ఎలాస్టిక్ మార్చాల్సి వస్తే 3 మి.మీ.ది రెండు మీటర్లు, దాన్ని లాగి పట్టుకునేందుకు సర్జికల్ షాపులో దొరికే ఆర్టరీ ఫోర్సెప్స్ ఒకటి. తల తీసేటప్పుడు మెడ దగ్గర ఎలాస్టిక్ ఉచ్చులో పెన్సిల్ దూర్చి ఉంచితే లోపలికి జారిపోదు. ముక్కలు విప్పేముందు మోకాలి ముక్క ఏ వైపు ఉందో ఫోటో తీసుకోండి, తిప్పి వేస్తే కాలు వెనక్కి మడవదు.