ఏడవాల్సిన సీన్‌లో ఈలలు వేస్తున్నారు, ఎడిటింగ్‌లో ఏం చేయాలి?

మాది విజయనగరం. కాలేజీ ఫ్రెండ్స్ కలిసి 22 నిమిషాల షార్ట్ ఫిల్మ్ తీశాం. హాస్టల్లో ఇద్దరబ్బాయిల ప్రేమకథ. మొదట కామెడీ, తర్వాత దెయ్యం కథ, మధ్యలో ఓ పాట.

గొడవంతా 14వ నిమిషంలో. హీరో మెస్ తలుపు తీస్తాడు. అవతల సాంబారు బకెట్లు ఉండవు, తనే సిరిమాను (మా ఊరి పైడితల్లమ్మ జాతరలో పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే పొడవాటి మాను) కొసన కూర్చుని ఉంటాడు. కింద జనం అరటిపళ్లు విసురుతుంటారు. వాళ్లలో రెండోవాడొక్కడే చెయ్యి చాచి "దిగిరా" అంటాడు. అంతే, హాలంతా ఈలలు, నవ్వులు.

ఇక్కడ రెండుసార్లు, శ్రీకాకుళంలో ఒకసారి వేశాం. మూడుసార్లూ అదే మాటకి. మొదటి షో తర్వాత పాట తీసేశాం, ఈలలు ఇంకా బాగా వినిపించాయి! ఆ రెండో షోలోనే ఆ మాటకి ముందు 8 సెకన్లు సౌండ్ కూడా ఆపేశాం. ఎవరో దగ్గారు, మళ్లీ నవ్వు. మూడోసారి ఇది ప్రేమకథ అని ముందే చెప్పాం. దాంతో మొదట్లో వచ్చే కామెడీకి కూడా నవ్వలేదు, కానీ అక్కడ మాత్రం నవ్వారు. ఒకాయనైతే ఇది నేరం కాదా అని అడిగాడు. 2018 సెప్టెంబర్ 6నే సుప్రీంకోర్టు కాదని తేల్చిందని చెప్పాను, అది వేరే సంగతి.

ఆ సీన్ తీసేయమంటే మాత్రం తీయను. దానికి సరిగ్గా 40 సెకన్ల ముందు వార్డెన్ జారిపడే కామెడీ బిట్ ఉంది. ఆ నవ్వే ఇక్కడిదాకా సాగుతోందని నా అనుమానం. వార్డెన్ బిట్‌ని ఇంకా ముందే వచ్చేలా జరపాలా, లేక "దిగిరా" అన్న మాట తీసేసి చెయ్యి చాచడం ఒక్కటే ఉంచాలా?