ఆట మధ్యలో ఆపితే కథ చేజారిపోతోంది

ప్రశ్న (కావలి నుంచి):
సంక్రాంతి సెలవుల్లో ‘ది విచర్ 3’ అనే వీడియో గేమ్ మొదలుపెట్టి, పరీక్షల కోసం నెలన్నర పక్కన పెట్టాను. మళ్లీ తెరిచేసరికి ఎవరు ఎవరికి ఏమవుతారో, నేను ఆ ఊరికి ఎందుకు వెళ్లానో గుర్తు లేదు. ‘డార్క్ సోల్స్’ సంగతి మరీ అన్యాయం. అందులో గొప్ప కథ ఉందని అందరూ అంటున్నారు గానీ, ముప్పై గంటలు ఆడినా నాకు కనిపించలేదు. లోపం నా ఇంగ్లీషులో ఉందా, ఆ ఆటలు కథ చెప్పే తీరులోనే ఉందా?

ఒంగోలు నుంచి:
విచర్ విషయంలో మీ ఇంగ్లీషును నిందించుకోకండి. 2015లో వచ్చిన ఆ ఆటను ఎవరూ ఒక్క బిగిన పూర్తి చేయలేరని తయారుచేసినవారికి తెలుసు కాబట్టే, దాచుకున్న ఆట తెరుచుకునేలోపు జరిగిన కథను క్లుప్తంగా వినిపించే ఏర్పాటు చేశారు. ఆ గొంతు డాండిలయన్ అనే కవి పాత్రది. మనం సరిగ్గా అప్పుడే ఫోన్ చూస్తాం. 2023 నాటి ‘ఫైనల్ ఫాంటసీ 16’లో అయితే సంభాషణ నడుస్తుండగానే ఆపి, ఆ సన్నివేశానికి సంబంధించిన మనుషుల, ప్రదేశాల వివరాలు చదువుకోవచ్చు. నా దృష్టిలో అదే మేలైన పద్ధతి.

నెల్లూరు నుంచి:
డార్క్ సోల్స్‌కు ఆ మందు పనిచేయదు. దాని దర్శకుడు హిదెటకా మియజకి చిన్నప్పుడు తనకు పూర్తిగా అర్థం కాని ఇంగ్లీషు పుస్తకాలు చదువుతూ, తెలియని చోట్లను ఊహతో పూరించుకునేవాణ్నని చెప్పారు. అంటే మీరు పడుతున్న అవస్థలోంచే ఆ పద్ధతి పుట్టింది! కథ ఉంగరాల, కత్తుల వివరణల్లో ముక్కలుగా ఉంటుంది. వాటిని తీరిగ్గా చదవాలి. కొంత కథకు చదువు కూడా అక్కర్లేదు. యజమాని సమాధికి కాపలా కాసే సిఫ్ అనే తోడేలు, ప్రాణం తగ్గేకొద్దీ కుంటుతూనే మన మీదికి వస్తుంది. దాన్ని చంపడానికి చేయి రాక నేను ఆ రాత్రి ఆట ఆపేశాను.

కందుకూరు నుంచి:
తోలుబొమ్మలాటలో కునుకు తీసి లేచినవారు కూడా కేతిగాడు, బంగారక్కల మాటలతో కథ అందుకునేవారని మా నాయనమ్మ చెప్పేది. పుణెలో తయారై 2020లో వచ్చిన ‘రాజీ’ అనే వీడియో గేమ్ కూడా పూర్వకథను నీడబొమ్మలతోనే చూపిస్తుంది, దుర్గా విష్ణువులు మాట్లాడుకుంటూ వ్యాఖ్యానిస్తారు. అయితే గోడలెక్కుతూ దూకుతున్నప్పుడు ఆ మాటలు నా చెవికెక్కలేదు. చేతులకు పని ఉన్నప్పుడు చెప్పిన కథ నిలవదని నా అభిప్రాయం.

కావలి నుంచి:
అందరికీ ధన్యవాదాలు. సిఫ్ కుంటడం నేనూ చూశానండి. ఆటలో ఏదో సాంకేతిక లోపం అనుకుని, అదే అదనుగా కొట్టేశాను.