సీఓపీడీ (ఊపిరితిత్తుల దీర్ఘకాలిక జబ్బు) ఉన్న అమ్మకి కపాలభాతి పడట్లేదు. బదులు ఏం చేయించాలి?

కట్టెలపొయ్యి:
అమ్మకి 62 ఏళ్లు. సిగరెట్ అలవాటు లేదు, కానీ ఏళ్ల తరబడి కట్టెల పొయ్యి మీదే వంట. స్పైరోమెట్రీ (ఊపిరి ఊదించి చేసే పరీక్ష) చేసి సీఓపీడీ అన్నారు, మధ్యస్థంగా ఉందట. రోజూ ఇన్‌హేలర్ వాడుతోంది. టీవీలో చూసి పొద్దున్నే కపాలభాతి (పొట్ట బిగిస్తూ గబగబా ఊపిరి వదలడం) మొదలుపెట్టింది. కాసేపటికే ఆయాసం, కళ్లు తిరగడం, వేళ్ల చివర్లు జివ్వుమనడం. "అలవాటైతే అదే సర్దుకుంటుంది" అంటూ మానట్లేదు. ఆపించాలా? ఇంట్లో మూడు బంతుల మెషిన్ కూడా ఉంది, అది ఊదిస్తే లాభమా?

ఫిజియో_శ్వాస:
ఈరోజే ఆపించండి. సీఓపీడీలో అసలు తంటా ఊపిరి వదలడం దగ్గర. సన్న గాలిగొట్టాలు పట్టు తప్పి ఉంటాయి, పొట్ట బిగించి గట్టిగా నెడితే అవే నలిగి మూసుకుపోతాయి. గాలి సగం లోపలే ఉండగా తర్వాతి శ్వాస వచ్చి పడుతుంది. అలా గాలి పేరుకుని ఛాతీ ఉబ్బుతుంది, కింద డయాఫ్రం (ఊపిరి పీల్చే ప్రధాన కండరం) చదునై పని చేయలేకపోతుంది. ఆయాసం అందుకే. కళ్లు తిరగడం, జివ్వుమనడం అనేవి గబగబా పీల్చి వదలడంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోయినప్పుడు వస్తుంటాయి. ఇది అలవాటు పడాల్సిన బాధ కాదు.

ముందు నేర్పాల్సింది పెదాలు సున్నాలా చుట్టి ఊపిరి వదలడం. కుర్చీలో కూర్చోబెట్టి భుజాలు వదులు చేయించండి. నోరు మూసి ముక్కుతో రెండు అంకెలు లెక్కపెట్టేంతసేపు మామూలుగా పీల్చాలి, గుండెల నిండా పీల్చక్కర్లేదు. తర్వాత ఈల వేసేటట్టు పెదాలు పెట్టి నాలుగు అంకెలసేపు వదలాలి. పెదాల దగ్గర ఆ కాస్త అడ్డు వల్ల లోపల ఒత్తిడి నిలిచి గొట్టాలు తెరుచుకునే ఉంటాయి. బుగ్గలు పూరీల్లా ఉబ్బాయంటే గట్టిగా ఊదుతున్నట్టే. మొదట్లో దీపం పెట్టి చూడండి, జానెడు దూరంలో మంట వణకాలి గానీ ఆరకూడదు. పైటకొంగు జాగ్రత్త.

ఒక్కోసారి ఐదు నిమిషాలు, రోజుకి మూడు నాలుగు సార్లు చాలు. అయితే కూర్చుని చేసినదానికన్నా పనిలో వాడినదానికే ఫలితం ఎక్కువ. బకెట్ ఎత్తేటప్పుడు, వంగి లేచేటప్పుడు వదలాలి. మెట్లయితే నిలబడి పీల్చి, వదులుతూ రెండు మెట్లు ఎక్కి ఆగాలి. బట్టలు ఆరేసేటప్పుడు, జడ వేసుకునేటప్పుడు ఆయాసం ఎక్కువ వస్తుంది, ఎందుకంటే ఊపిరికి సాయపడే భుజాల కండరాలు చేతుల్ని పైకి మోయడంలో పడిపోతాయి. తీగ కిందికి కట్టండి, జడ మోచేతులు బల్ల మీద ఆనించి వేసుకోమనండి.

"పొట్టతో ఊపిరి" అందరికీ మంచిదనుకుంటారు. జబ్బు ముదిరి డయాఫ్రం ముందే చదునైనవాళ్లలో అది ఆయాసాన్ని పెంచుతుంది. అమ్మకి హాయిగా ఉంటేనే చేయించండి.

మూడు బంతుల మెషిన్ ఊదడానికి కాదు, పీల్చడానికి. ఆపరేషన్ తర్వాత మూసుకుపోయిన ఊపిరితిత్తుల భాగాలు తెరవడానికి ఇస్తారు. సీఓపీడీకి దానితో పెద్దగా ఒరిగేది లేదు, అటకెక్కించండి.

యోగాబోధన:
పై మాటతో ఏకీభవిస్తాను. హఠయోగంలో కపాలభాతి షట్కర్మల్లో ఒకటి, అంటే శుద్ధిక్రియ. ఊపిరితిత్తుల జబ్బుకి మందుగా దాన్ని ఎవరు మొదలుపెట్టారో గానీ ఇంటింటికీ పాకింది. భస్త్రిక (కొలిమితిత్తిలా గట్టిగా, వేగంగా పీల్చి వదలడం) కూడా వద్దు. బీపీ అదుపులో లేనివాళ్లు, హెర్నియా ఉన్నవాళ్లు, గ్లకోమా (కంటిలో ఒత్తిడి పెరిగే జబ్బు) ఉన్నవాళ్లు ఈ రెంటి జోలికి పోకూడదు.

అమ్మకి సరిపడేవి రెండు. మొదటిది భ్రామరి: ముక్కుతో మెల్లగా పీల్చి, నోరు మూసి, పళ్లు తాకకుండా "మ్..." అంటూ వదలాలి. ఐదుసార్లతో మొదలుపెట్టి పదికి మించొద్దు. నాదం చివర్లో తెగిపోయి గబుక్కున పీల్చుకుంటోందంటే ఓపికకి మించి లాగుతున్నట్టే, ఒక అంకె తగ్గించండి. రెండోది అనులోమ విలోమం, అంటే ఒక ముక్కు మూసి రెండోదానితో పీల్చి, మార్చి వదలడం. ఇందులో కుంభకం (ఊపిరి బిగబట్టడం) అస్సలు వద్దు. పీల్చి, బిగబట్టి, వదిలే 1:4:2 లెక్కలు ఆరోగ్యవంతులకి, అదీ గురువు పక్కనుంటేనే. పీల్చింది మూడైతే వదిలేది నాలుగు, అంతే. ముక్కు దిబ్బడ ఉన్న రోజు మానెయ్యాలి. చెయ్యి పైకెత్తి ఉంచడం కష్టమైతే మోచెయ్యి దిండు మీద పెట్టండి.

తిన్న మూడు గంటల తర్వాత చేయించండి. చోటు కూడా చూడాలి. పూజగదిలో సాంబ్రాణి, అగరుబత్తి పొగ మధ్య కూర్చుని ప్రాణాయామం చేసేవాళ్లు బోలెడుమంది. దోమల చుట్ట కూడా అంతే. పొయ్యి ఇంకా కట్టెలదే అయితే మిగతా జాగ్రత్తలన్నిటికన్నా ముందు గ్యాస్ పెట్టించండి.

కట్టెలపొయ్యి:
పొయ్యి మార్చేశామండీ. ఇవి చేస్తే ఊపిరితిత్తుల కెపాసిటీ పెరుగుతుందా? ఇన్‌హేలర్ తగ్గించొచ్చా? పొద్దున గళ్ల (కఫం) తెగక కూడా ఇబ్బంది పడుతోంది.

ఫిజియో_శ్వాస:
ఇన్‌హేలర్ తగ్గించొద్దు. పాడైన గాలిగదులు మళ్లీ పుట్టవు, స్పైరోమెట్రీ అంకె కూడా పెద్దగా కదలదు. మారేది ఆయాసం, నడవగల దూరం. దానికి ఊపిరి వ్యాయామం ఒక్కటే చాలదు, నడక కావాలి. పల్మనరీ రిహాబిలిటేషన్ (ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లకి ఇచ్చే వ్యాయామ శిక్షణ) ఉన్న ఆస్పత్రి దగ్గర్లో ఉంటే ఆరు నుంచి పన్నెండు వారాలు, వారానికి కనీసం రెండు రోజులు పంపండి. లేదంటే ఇంటి దగ్గరే ఐదేసి నిమిషాలు విడతలుగా నడిపించండి. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. అది సరైన వేగం. డాక్టరు వెంటనే పనిచేసే ఇన్‌హేలర్ ఇచ్చి ఉంటే, ఎప్పుడు తీసుకోవాలో అడిగి, నడకకి పది పదిహేను నిమిషాల ముందు వాడొచ్చు. వేలికి పెట్టే ఆక్సీమీటరులో ఆక్సిజన్ 88 శాతానికి దిగితే ఆపి కూర్చోబెట్టండి. వేళ్లు చల్లగా ఉన్నా, గోళ్లకి రంగున్నా రీడింగ్ తప్పుతుంది.

గళ్లకి దగ్గి దగ్గి అలసిపోనివ్వొద్దు. మూడు నాలుగు నెమ్మది శ్వాసలు, తర్వాత ఓ మోస్తరుగా పీల్చి, నోరు బాగా తెరిచి, కళ్లజోడు తుడవడానికి ఆవిరి పట్టించేటట్టు "హా" అని వదలాలి. రెండుసార్లు చేసి మళ్లీ నెమ్మది శ్వాసలు. గళ్ల పైకి వచ్చాక ఒక్క దగ్గుతో పోతుంది.

యోగాబోధన:
గళ్ల పసుపుగానో పచ్చగానో మారినా, కాళ్లు వాచినా వ్యాయామం ఆపి డాక్టరుకి చూపించండి. మాట పూర్తి చేయలేనంత ఆయాసం, పెదాలు నీలంగా మారడం, మగతగా పడి ఉండడం కనిపిస్తే 108 కి ఫోన్ చేయండి. అంబులెన్సు వచ్చేదాకా పడుకోబెట్టకండి, కూర్చోబెట్టి ముందుకి వంచి మోచేతులు మోకాళ్ల మీద ఆనించనివ్వండి.