అప్‌డేట్: లోకల్ జోన్ డౌట్ తీరింది, గ్రూప్-2 వెరిఫికేషన్ అయిపోయింది

నాలుగో తరగతి నుంచి ఆరు వరకు గుంటూరులో, ఏడు నుంచి పది వరకు విజయవాడలో చదివాను, ఏపీపీఎస్సీ (ఆంధ్రప్రదేశ్ పబ్లిక్ సర్వీస్ కమిషన్) గ్రూప్-2 ఉద్యోగాలకి నేను ఏ జోన్ (కొన్ని జిల్లాలు కలిపిన ప్రాంతం) లోకల్ అని అప్పట్లో ఇక్కడ అడిగాను. ఇల్లు గుంటూరులో ఉంది కాబట్టి జోన్ 3 అని చాలామంది చెప్పారు. కాదండీ. ఇప్పుడు ఇల్లెక్కడ అన్నది లెక్కలోకే రాదు. పదో తరగతితో ముగిసే వరుస నాలుగేళ్లు ఎక్కడ చదివామో అదే చూస్తారు. నావి పాత కృష్ణా జిల్లాలో పడ్డాయి, అంటే జోన్ 2. మధ్యలో ఉన్నది ఒక్క కృష్ణా నది, అవతల జోన్ వేరు!

అసలు టెన్షన్ స్టడీ సర్టిఫికెట్‌తో వచ్చింది. నేను చదివిన బడి మూతపడింది. రికార్డులు ఎంఈవో (మండల విద్యాధికారి) ఆఫీసుకు చేరాయట. అక్కడి గుమస్తా గారు దుమ్ము పట్టిన అడ్మిషన్ రిజిస్టర్ తీసి, వేలితో ఒక్కో వరుస దిగుతూ నా పేరు పట్టుకున్నారు. అందులో ఇంటిపేరు పొడి అక్షరాల్లో ఉంది, టెన్త్ మెమోలో పూర్తిగా ఉంది. ఇదేం కొర్రీ అవుతుందో అని గుండె దడ. విజయవాడ ఎంజీ రోడ్డులో కమిషన్ ఆఫీసులో వెరిఫికేషన్ చేసినవాళ్లు మెమో చూసి తలూపేశారు, అంతే.

మెయిన్స్ గురించి అడిగినవాళ్లకు: రెండు పేపర్లు, ఒక్కోటి 150 మార్కులు. తప్పు జవాబుకు మూడో వంతు మార్కు పోతుంది, జవాబు తెలియకుండా గుడ్డిగా బబ్లింగ్ చేయకండి (జవాబు పత్రంలో గడులు నింపకండి). ఇంటర్వ్యూ లేదు. కంప్యూటర్ పరీక్ష మాత్రం పాసవ్వాల్సిందే, దాన్ని తేలిగ్గా తీసుకోకండి. ఫలితం ఇంకా రాలేదు. రాగానే ఇక్కడే చెబుతాను.