టాంపాలో డైవింగ్‌కి సెకండ్‌హ్యాండ్ బోటు: ఈ 19 అడుగులది తీసుకోవచ్చా?

టాంపా_తెలుగోడు:
అందరికీ నమస్తే. నేనూ, ఇద్దరు ఫ్రెండ్సూ రెండేళ్లుగా చార్టర్ బోట్లలో డైవింగ్‌కి వెళ్తున్నాం, జేబుకి చిల్లు పడుతోంది, పైగా వాళ్లు ఆపిన చోటే దూకాలి. అందుకని ముగ్గురం కలిసి సొంతంగా ఒకటి కొందామని. బడ్జెట్ 25 వేల డాలర్లు. 19 అడుగుల బౌరైడర్ (ముందుభాగంలో కూడా సీట్లుండే బోటు) ఒకటి 14 వేలకే వస్తోంది, ఇంజిన్ లోపలుండే రకం, సీట్లు బాగున్నాయి, ఇంట్లోవాళ్లకి తెగ నచ్చేసింది. లాగడానికి టయోటా హైలాండర్ కారుంది. తీసేసుకోమంటారా?

పాంపనో_బాబాయ్:
వద్దు బ్రదర్. అది లేక్‌లో పిల్లల్ని తిప్పడానికి బాగుంటుంది. మాకిక్కడ పాంపనోలో, అంటే ఫ్లోరిడా అట్లాంటిక్ వైపు, ఒడ్డు నుంచి మైలు, రెండు మైళ్లలోనే రీఫ్‌లుంటాయి, మీ గల్ఫ్ వైపు 60 అడుగుల లోతు కావాలంటే 15, 20 మైళ్లు పోవాలి, మధ్యాహ్నం గాలి లేచిందంటే తిరిగొచ్చేసరికి నడుములు విరుగుతాయి. అసలు చూడాల్సింది సీట్లు కాదండీ, నీళ్లలోంచి మళ్లీ పైకెలా ఎక్కుతారన్నది. నిండు ట్యాంకే దాదాపు 17 కిలోలు, ఆపైన సీసం బరువులు, తడిసిన సూటు. బోటు వెనకభాగం అలలకి ఎగిరెగిరి పడుతుంటే ఆ సన్న మూడు మెట్ల నిచ్చెన ఎక్కి చూడండి, తెలుస్తుంది. నడుమ ఒకే కడ్డీ ఉండి రెండు పక్కలా మెట్లుండే నిచ్చెన పెట్టించుకుంటే ఫిన్స్ విప్పక్కర్లేదు. 21 అడుగుల సెంటర్ కన్సోల్ (స్టీరింగ్ నడుమ ఉండి చుట్టూ ఖాళీ ఉండే బోటు), ఫోర్ స్ట్రోక్ అవుట్‌బోర్డ్ (వెనక బయట బిగించే ఇంజిన్) చూడండి. ఉప్పునీళ్లకి అదే మేలు, పైకెత్తేసి మంచినీళ్లతో కడిగేసుకోవచ్చు.

వైజాగ్_చేప:
నిచ్చెన లేకపోయినా బతకొచ్చు 😀 మేము రుషికొండలో ఫైబర్ బోటు మీంచే దిగుతాం. ఎక్కేటప్పుడు నీళ్లలోనే బరువులు, ట్యాంకు విప్పి పైవాడికి అందించేసి, ఫిన్స్‌తో గట్టిగా ఒక్క తన్ను తన్ని ఎక్కేయడమే. కాకపోతే పైన ఒకడుండాలి.

మాజీ_ఓనర్:
పాయింటంతా అక్కడే ఉంది. మీరు ముగ్గురూ డైవర్లే కదా, మరి పైనెవరుంటారు? లంగరు జారితే బోటు దారి బోటుది, మీ దారి మీది. ఫ్లోరిడాలో మనుషులు నీళ్లలో ఉన్నంతసేపూ బోటు మీద డైవ్ జెండా ఉండాలి, కనీసం 20×24 అంగుళాలు, పైకొచ్చాక దించేయాలి.

ఇక డబ్బు. 25 మొత్తం బోటుకే పెట్టకండి, 18 దగ్గర ఆగండి. నేను ట్రెయిలర్ వైపు చూడనే లేదు, మొదటి ట్రిప్పులోనే హైవే మీద బేరింగ్ పోయింది, రోజంతా రోడ్డు పక్కనే. ఇంజిన్‌కి కంప్రెషన్ టెస్ట్ (సిలిండర్లలో ఒత్తిడి చూసే పరీక్ష) చేయించండి, ఇంజిన్ బిగించే వెనక గోడని తట్టి చూడండి, మొద్దుగా మోగితే లోపల చెక్క కుళ్లినట్టే అనుకోవచ్చు. మీ హైలాండర్ హైబ్రిడ్ అయితే 3500 పౌండ్లే లాగుతుంది, ట్రెయిలర్, పెట్రోలు కలిపి లెక్కేసుకోండి.

టాంపా_తెలుగోడు:
హైబ్రిడ్ కాదు, బతికిపోయా. పైనెవరుంటారన్నది నిజంగా తట్టలేదు, ముగ్గురం కలిసే దిగేద్దామనుకున్నాం! మా ఆవిడని అడిగితే నడపడం నేర్చుకుంటానంది, 1988 తర్వాత పుట్టింది కాబట్టి బోటింగ్ కార్డు కోర్సు కూడా చేయాలి. కానీ నీడ లేని బోటు మాత్రం ఎక్కనంటోంది. ఇప్పుడు టీ-టాప్ (పైన నీడకి కప్పు) ఉన్న సెంటర్ కన్సోల్ వెతుకుతున్నా, ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి.